పదకొండు అరమాత్రలు

9 మార్చి 1987, సోమవారం

రిటైరయ్యాక నేను డైరీ రాయలేదు. ఈరోజు మొదలుపెడుతున్నాను. ఉదయం పదకొండున్నరకు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాను. ఆ జవాబును ఒకావిడ సిరాతో రాసుకుంది. అది తప్పు. ముప్పయ్యొక్క సంవత్సరాలు మునిసిపల్ తెలుగు బడిలో హాజరుపట్టీ రాశాను. అందులో తప్పు పడితే ఆ రోజే దిద్దేదాన్ని. ఇది దిద్దలేకపోయాను. కనీసం ఇక్కడ రాసి పెడతాను. ఈ పుస్తకం ఎవరూ చూడరు.

ఆమె పేరు డాక్టర్ కర్ణిక్. పెద్దాసుపత్రిలో పిల్లల వార్డులో పని. ముప్పయ్యేళ్లుండవు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చాప వేస్తానన్నా వినకుండా నేల మీదే కూర్చుంది. పాత కేసు పేపర్లు తిరగేస్తోందట. జ్వరం తగ్గుముఖం పట్టాక వాంతులు మొదలై, మెదడు వాచి చనిపోయిన పిల్లలున్నారు కదా, వాళ్ల ఇళ్లకు వెళ్తోంది. అందరినీ ఒకటే అడుగుతోంది. జ్వరానికి ఏ మందు ఇచ్చారు? ఆస్పిరినా, పారాసెటమాలా, ఏదీ ఇవ్వలేదా? ఏ రోజు, ఎన్ని?

ఆమె తెచ్చిన ఫారం మీద నా మనవరాలు వత్సల పేరు ఇంగ్లిషులో ఉంది. వయసు ఏడు. పోయిన తేదీ 21-3-86.

"ఏమీ ఇవ్వలేదు," అన్నాను మరాఠీలో. "అమ్మవారు పోస్తే మావాళ్లలో మందు వేయరు."

"మీరు టీచరుగా చేశారు కదా బాయీ, అందుకే మళ్లీ అడుగుతున్నాను. ఒక్క మాత్ర కూడానా?"

"ఒక్కటి కూడా లేదు."

రాసుకుంది. చిన్న మనవరాలు ఉష నా కొంగు పట్టుకుని ఆ పెన్ను వైపే చూస్తోంది.

ఇచ్చాను. ఒకటో రెండో అరమాత్రలు. నా మోకాళ్ల నొప్పికి ఉంచుకున్న ఆస్పిరిన్ సీసాలోంచి తీసి, నలిపి, తేనెలో కలిపి.


10 మార్చి

నిన్న కర్ణిక్ చెప్పినదంతా రాయలేదు. పూర్తిగా రాయాలి.

విదేశాల్లో కొన్నేళ్లుగా లెక్కలు తీస్తున్నారట. ఒకే రకం జ్వరం వచ్చిన పిల్లల్ని రెండు వరుసలు చేస్తారు. ఈ జబ్బు పడ్డవాళ్లు ఒక వరుస, మామూలుగా కోలుకున్నవాళ్లు ఇంకో వరుస. ఏ వరుసలో ఎంతమందికి ఆస్పిరిన్ పడిందో చూస్తారు. జబ్బు పడ్డవాళ్ల వరుసలోనే చాలా ఎక్కువ మందికి పడిందని తేలిందట.

"అయితే ఆ మాత్రే పిల్లల్ని చంపిందంటారా?" అని అడిగాను. నా గొంతు మామూలుగానే ఉంది.

"ఒక బిడ్డను చూపించి ఎవరూ అలా చెప్పలేరు బాయీ. ఆ మాత్ర వేసుకున్న పిల్లల్లో చాలామందికి ఏమీ కాదు. అందుకే ఎక్కువమందిని లెక్కపెట్టాలి. మా దగ్గర ఉన్నది ఇరవై ముగ్గురే. అందులో ఒక్క తప్పు పడినా మా లెక్క వంకరపోతుంది."

ఈ చాల్లో మిగతా గదులు, ఖోలీలు, చూడటానికి 21న మళ్లీ వస్తానంది. పిల్లలకు జ్వరం వస్తే ఆస్పిరిన్ వేయవద్దని, తడిగుడ్డ, నీళ్లు చాలని, వాంతులైతే మాత్రం వెంటనే తీసుకురమ్మని చెప్పి వెళ్లింది.

ఒక బిడ్డను చూపించి ఎవరూ చెప్పలేరు. ఈ మాట రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను.


11 మార్చి

ఒక బిడ్డను చూపించి ఎవరూ చెప్పలేరు.


12 మార్చి, గురువారం

ఖోలీలో ఇప్పుడు ముగ్గురం. నేను, రేవులో మెకానిక్కుగా పనిచేసే నా కొడుకు శివరాం, ఉష. కోడలు యాదమ్మ పోయిన దసరా నుంచి నారాయణపేట పక్కన వాళ్ల అన్న ఊళ్లో ఉంది. వెళ్లమని నేను అనలేదు.

మధ్యాహ్నం గ్యాలరీలో బియ్యం ఏరుతుంటే పక్క ఖోలీ లక్ష్మవ్వ వచ్చి కూర్చుంది. వరస గదుల ఈ చాల్లో అమ్మవారి సంగతులన్నీ ఆమే చూస్తుంది. ఎవరి గుమ్మానికి వేపమండలు కట్టాలి, ఎన్నో రోజు నీళ్లు పోయాలి, అంతా ఆమె చెప్పినట్టే.

"ఏం బాయీ, ఆ డాక్టరిన్ మీ ఖోలీల శానసేపు కూసున్నదట. సచ్చిపోయిన పోరిని మల్ల లెక్కలకు తీసిండ్రా?"

"పాత కాగితాలు చూస్తున్నారు."

"కాగితాల్ల ఏముంటది నా మొఖం. నూనె కాగిన సంగతి కాగితంల ఉంటదా? తల్లి ఇంట్ల కూసున్నంక పోపు వెట్టిన చెయ్యి కాగితంల అవుపడ్తదా?"

నేను రాళ్లు ఏరుతూనే ఉన్నాను.

"మన కులపెద్ద రాజలింగం పెద్దమనుషులను పిలుస్తుండు, ఎర్కేనా? ఈ నెల ఇరవై ఎనిమిది, శనివారం. ఆదివారం అమాస గద. ఉగాదికి ముంగటనే తెగతెంపులు జేస్కుంటె శివరాంకు ఇంకో పిల్లను సూడొచ్చు. నువ్వయితె పెద్ద మనసు బాయీ, ఒక్క మాట అనలె కోడల్ని. నేనైతె ఆ చెయ్యిమీద వాత వెడ్తుంటి."

అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్లు నూనె కాగకూడదు, పోపు వేయకూడదు. ఐదో రోజు యాదమ్మ పప్పుకు పోపు పెట్టింది. ఆ వాసన చాలంతా పోయింది. అందరికీ తెలిసిపోయింది. నిజంగా జరిగినదే. నేను కల్పించలేదు.

ఒక్క మాట అనలేదన్నది నిజమే.


13 మార్చి, శుక్రవారం

సాయంత్రం ఉషకు అక్షరాలు దిద్దిస్తున్నాను. బడి ఆట ఆడదామంది. సరేనని పలక ముందు పెట్టుకుని పేర్లు పిలిచాను. ఉషా శివరాం. "హజర్ బాయీ!" అని, బడిలో పిల్లలు టీచరుకు పలికినట్టే చెయ్యెత్తింది.

ఆట ఆపేశాను. ఉష ఏడ్చింది.

పోయినేడు 19న ఆసుపత్రి మెట్లమీద వత్సలను శివరాం భుజాన వేసుకుని ఎక్కుతున్నాడు. అప్పటికి అది ఎవరినీ గుర్తుపట్టడం లేదు. తండ్రిని గోళ్లతో రక్కుతోంది. నేను వెనకనుంచి "వత్సలా" అని పిలిచాను. ఒక్కసారి తల ఎత్తి, నన్ను చూడకుండానే, చాలా స్పష్టంగా "హజర్ బాయీ" అంది. అవ్వ అనలేదు. ఆ తరువాత మాట లేదు.

గ్యాలరీ చివర కుళాయి ఉన్న మోరీ దగ్గర ఎవరైనా బిందె దించితే చాలు, ఆ గొంతే వినిపిస్తుంది. అది బిందె చప్పుడని నాకు తెలుసు.

ఒకటో రెండో కాదు. నాలుగు.


15 మార్చి, ఆదివారం

హోళీ. ఉష కిందికి వెళ్లలేదు. ఒళ్లు వెచ్చగా ఉంది. మధ్యాహ్నం రెండింటికి 100.2. సాయంత్రం ఆరింటికి 101.


16 మార్చి, సోమవారం

వీపు మీద నాలుగు నీటిపొక్కులు. పొట్టమీద రెండు. పోయినేడు అక్కతో ఒకే పరుపు మీద పడుకున్నా దీనికి అంటలేదు. ఈసారి అంటింది. లక్ష్మవ్వ గుమ్మానికి వేపమండలు కట్టింది, నూనె సీసాను తన ఖోలీకి తీసుకుపోయింది. శివరాం దండం పెట్టి పనికి వెళ్లాడు.

పన్నెండింటికి 103.4.

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఉష మూలుగుతోంది. తడిగుడ్డ వేశాను, తీశాను, మళ్లీ వేశాను. పావుగంట తరువాత 103.6. నేను లేచాను. అల్మారా తెరిచాను. మాత్రను విరిచి, సగం చెంచాలో నలిపి, తేనె పోశాను. ఈ పనులన్నీ చేస్తున్నప్పుడు నాకు ఏ ఆలోచనా లేదు. కర్ణిక్ లేదు, ఫారం లేదు. జ్వరం దించాలి, అంతే. పోయినేడు కూడా అంతే. చాలంతా వేపమండలు కట్టుకుని చేతులు ముడుచుకుని కూర్చుంటే, చదువుకున్నదాన్ని నేనొక్కదాన్ని ఉన్నాననుకున్నాను. వాళ్ల నమ్మకాన్ని గట్టిగా ఎదిరించి పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు. వాళ్లతోపాటు గుమ్మానికి దండం పెట్టి, తలుపు మూసి నా వైద్యం నేను చేసుకున్నాను.

చెంచా దగ్గరికి తెస్తే ఉష కళ్లు తెరిచింది.

"అక్క తేనెనా, అవ్వా?"

"ఏమిటి?"

"పుల్లగుంటది గద. అక్క చెంచ ఇచ్చి జర నాకమన్నది. నాకొద్దు. అక్కకియ్యి."

వత్సల కూడా ఆ మాటే అనేది. పుల్లగ ఉంది అవ్వా. తేనె పుల్లగా ఎందుకుంటుంది, నోరు మూసి మింగు అనేదాన్ని.

చెంచాను మోరీలో కడిగాను. మూడుసార్లు కడిగాను. తరువాత ఉష పక్కన కూర్చుని నాలుగింటిదాకా తడిగుడ్డ మారుస్తూ ఉన్నాను. గుడ్డ పిండినప్పుడల్లా నా చేతులు చూసుకున్నాను.

నాలుగింటికి 102.8.


17 మార్చి

103. 102.4. 102.6. చెంచాతో నీళ్లు, మజ్జిగ. వాంతి లేదు.

"అమ్మ ఏది?" అని అడిగింది. ఊళ్లో ఉందన్నాను. "ఎందుకు?" అంది. గుడ్డ తడపడానికి లేచాను.


18 మార్చి

102. 101.2. వాంతి లేదు.

పోయినేడు ఈ తేదీకి వత్సల జ్వరం 99. నేను గెలిచాననుకున్నాను. పొద్దుటినుంచి వాంతులు. వేపాకు పసరు పడలేదని, వేడి బయటికి పోతోందని యాదమ్మకు చెప్పాను. మూడింటికి అది గ్యాలరీలోకి పరుగెత్తుకొచ్చింది.

"అత్తమ్మా, పోరి గుర్తువడ్తలేదు. నన్ను సూసి ఎవరంటున్నది. దవాఖానకు పోదాం అత్తమ్మా."

నేను ఏమన్నానో నాకు ఒక్క అక్షరం మరుపు లేదు. "'గుర్తుపట్టడం లేదు' అనాలి," అన్నాను. వచ్చిన నాటినుంచి దాని మాట దిద్దడం నాకు అలవాటు. అలవాటుగానే అన్నాను. తరువాత, రేపు చూద్దామన్నాను.

మరునాడు పొద్దున తీసుకువెళ్లాం. ఏం మందు వేశారని అక్కడి డాక్టరు అడిగాడు. లక్ష్మవ్వ నా పక్కనే ఉంది. ఏమీ వేయలేదన్నాను. కాబట్టి కర్ణిక్‌కు చెప్పింది రెండోసారి. మొదటిసారి చెప్పేటప్పటికి పిల్ల బతికే ఉంది.


19 మార్చి, గురువారం

ఉదయం 99.4. పొక్కులు ఎండుతున్నాయి. ఉష లేచి కూర్చుని అన్నం అడిగింది. చప్పటి పప్పుతో రెండు ముద్దలు తింది. రోజంతా దాని నోటి వైపే చూస్తూ కూర్చున్నాను, వాంతి అవుతుందేమోనని. కాలేదు. "నీ పేరేంటి? నేనెవరు?" అని గంటకోసారి అడుగుతుంటే విసుక్కుంది. "నువ్వు అవ్వవు! ఎన్నిసార్లడుగుతవ్!"

సాయంత్రం లక్ష్మవ్వ పసుపునీళ్లు తెచ్చి గుమ్మం తడిపింది. అప్పుడే శివరాం పనినుంచి వచ్చాడు.

"సూసినవా కొడకా? పోపు లేదు, పోరి లేసింది. పోయినేడు పోపు వెట్టిండ్రు, పోరి వాయె. ఇంక పెద్దమనుషుల ముంగట ఏం సాచ్చం గావాలె?"

"అదే జెప్తున్న అవ్వా," అన్నాడు శివరాం. ఉషను ఒళ్లో కూర్చోబెట్టుకుని దాని జుట్టు సర్దుతున్నాడు. "ఇన్ని దినాలు నాకు జర షక్ ఉండె. ఒట్టిగనే యాదిని పంపినమేమో అని. ఇప్పుడు పక్కా అయింది. ఇరవై ఎనిమిదిన కాయితం రాసిస్త."

నా చేతిలో గ్లాసు ఉంది. కింద పెట్టాను.

నాకు అర్థమైంది. వాళ్లు చేసినది కర్ణిక్ చేస్తున్నదే. ఇద్దరు పిల్లలు, ఒకే జ్వరం. పోయిన బిడ్డ ఒక వరుస, లేచిన బిడ్డ ఒక వరుస. ఏది వేరుగా ఉంది? పోపు. వాళ్లకు తెలిసినంతలో వాళ్ల లెక్క తప్పు కాదు. వాళ్లకు నేను ఇవ్వని గడి ఒకటుంది. అదే గడిలో కర్ణిక్‌కు అబద్ధం ఇచ్చాను.

ఉష లేవడమే యాదమ్మ మీద సాక్ష్యమైంది. ఆ సాక్ష్యం నేను మూడు రోజులు తడిగుడ్డలు పిండి తయారుచేశాను.

"శివా," అన్నాను.

"ఏందమ్మా?"

"చేతులు కడుక్కో. అన్నం పెడతాను."


20 మార్చి, శుక్రవారం

శివరాం పనికి వెళ్లాక ట్రంకుపెట్టె తీశాను. చీరల అడుగున నీలం నోటుబుక్కు ఉంది. ఏడాదిగా తెరవలేదు. చింపలేదు కూడా. రాసిన పుట చింపడం నాకు చేతకాదు. నాలుగు అని రాశాను మొన్న. కాదని అప్పుడే తెలుసు. నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

13-3-86. ఉదయం 8, 102.6, అర. మధ్యాహ్నం 1, 101, అర. సాయంత్రం 6, 101.4, అర.
14-3-86. ఉదయం 7, 103, అర. మధ్యాహ్నం 12, 102, అర. సాయంత్రం 6, 102.2, అర.
15-3-86. ఉదయం 8, 102, అర. మధ్యాహ్నం 1, 101, అర. సాయంత్రం 6, 100.4, అర.
16-3-86. ఉదయం 8, 100, అర. మధ్యాహ్నం 2, 99.4, అర.

పదకొండు. చివర గీత కొట్టి, "జ్వరం దిగింది" అని రాసి, కింద చిన్న టిక్కు పెట్టుకున్నాను. మంచి లెక్క చేసిన పిల్లకు పెట్టేటట్టు.

ఇంకొకటి రాయాలి. పోపు వాసన చాలంతా పోయిందని 12న రాశాను. పోలేదు. ఆ రోజు కింద గోదాములో మిరపకాయల బస్తాలు దించుతున్నారు. చాలంతా ఆ ఘాటుతో దగ్గుతోంది. మా పోపు ఎవరికీ తెలియలేదు. పది రోజులు చప్పిడి పప్పు ఎట్లా తింటారని, నేను సరిగ్గా తినడం లేదని, యాదమ్మ తలుపు మూసి చిన్న గంటెలో, నా కంచానికి మటుకే పెట్టింది. వద్దనలేదు. తిన్నాను. వత్సల పోయిన మూడో రోజు లక్ష్మవ్వ అడిగింది, "ఇంట్ల ఏం తప్పు జరిగింది బాయీ? తల్లి ఊకె తీస్కపోదు." యాదమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. నేను చెప్పాను. "ఐదోనాడు పోపు పెట్టింది."

యాదమ్మ నా వైపు చూసింది. ఎవరికోసం పెట్టానని అనలేదు. తేనె సీసా సంగతి దానికి తెలుసో తెలియదో నాకు తెలియదు. మూత మీద తెల్లటి పొడి ఉండేది. రోజూ ఆ సీసా తుడిచేది అదే.

ఆ మాత్రల వల్లే పోయిందా? తెలియదు. ఒక బిడ్డను చూపించి ఎవరూ చెప్పలేరు. ఆ మాట చాటున పన్నెండు రోజులు కూర్చున్నాను. నన్ను ఎవరూ అది అడగలేదు. ఎన్ని ఇచ్చావని మాత్రమే అడిగారు.

మధ్యాహ్నం ఉషను లక్ష్మవ్వ దగ్గర కూర్చోబెట్టి పోస్టాఫీసుకు వెళ్లాను. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, మాత్ర వేసుకోలేదు. యాదమ్మ అన్న పేరిట తంతి రాశాను. ఉషకు అమ్మవారు పోసింది, తగ్గుతోంది, తప్పు యాదమ్మది కాదు నాది, వెంటనే పంపు. గుమాస్తా మాటలు లెక్కపెట్టి తల ఎత్తాడు. "మధ్యలో ఈ తప్పు గిప్పు తీసేస్తే కూడా విషయం చేరుతుంది బాయీ," అన్నాడు మరాఠీలో.

"చేరదు," అన్నాను. "అంతా పంపండి."

తిరిగి మెట్లెక్కుతుంటే మోరీ దగ్గర ఎవరో బిందె దించారు. నేను ఆగి, ఈసారి, వత్సలా అని పిలిచాను. గట్టిగా కాదు. ఏమీ వినిపించలేదు. బిందె నిండుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

ఇక జరగవలసినవి:

1. రేపు, 21 శనివారం, కర్ణిక్ రాగానే నీలం నోటుబుక్కు చేతికివ్వాలి. ఫారం మీద "ఇవ్వలేదు" అన్న మాటను చెరపనివ్వకూడదు. పాత మాట కనిపించేలా ఒకే గీత కొట్టి, పక్కన పదకొండు అరమాత్రలు అని రాసి, నా సంతకం, తేదీ వేయాలి. పాత కేసు పేపరులోనూ అట్లాగే దిద్దించాలి.

2. సీసా కూడా ఆమెకే ఇచ్చేయాలి. ఈ చాల్లో ఎవరి పిల్లలకు మామూలు జ్వరమొచ్చినా నా దగ్గరే మాత్ర అడిగి తీసుకుపోయేవారు. ఐదు ఖోలీలు. ఐదింటికీ నేనే వెళ్లి ఇక పిల్లలకు అది వేయవద్దని, ఎందుకు వద్దో కూడా చెప్పాలి.

3. ఈరోజు శివరాం రాగానే, అన్నానికి ముందే చెప్పాలి. నోటుబుక్కు చదివి వినిపించాలి. "అన్నం పెడతాను" అనకూడదు.

4. ఉషకు వాంతి అయితే ఎవరినీ అడగకుండా టాక్సీ పిలవాలి.

5. 25 బుధవారం ఉషకు వేపాకు నీళ్లు పోయాలి. నీళ్లు కాచడం వరకే నా పని. పోయవలసింది తల్లి చేతులతో.

6. 28 శనివారం పెద్దమనుషుల ముందు నిలబడి చెప్పాలి. పోపు నా కంచానికి పెట్టిందని, తిన్నది నేనని, బయటపెట్టింది నేనని, మాత్రలు వేసింది నేనని. లక్ష్మవ్వ వినేటట్టు.

7. యాదమ్మ మంగళవారానికి చేరవచ్చు. గుమ్మం దాటకముందే అంతా చెప్పాలి. అది నన్ను ఇంట్లో ఉండవద్దంటే నేను ఉండకూడదు. ఆ తరువాత అది మాట్లాడుతుంది. ఏమన్నా, ఎంతసేపన్నా, ఏ మాట ఎట్లా పలికినా, నేను దిద్దకూడదు.